గాదెలో గింజలు, గోడ మీద క్యాలెండరు: కాన్సస్‌లో ఒక రైతు కుటుంబానికి అందిన కోవిడ్ సాయం లెక్క

పశ్చిమ కాన్సస్‌లో ఒక చిన్న ఊళ్ళో పన్నుల లెక్కలు చూసే పని నాది. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది రైతులు. కాన్సస్ రాష్ట్రంలో 105 కౌంటీలున్నాయి. కౌంటీ అంటే మన మండలం కన్నా పెద్దది, పాత జిల్లా కన్నా చిన్నది అనుకోండి. మా కౌంటీలో మనుషుల కన్నా పశువులు ఎక్కువ, చెట్ల కన్నా ధాన్యం గాదెలు ఎక్కువ. 2020 మే నుంచి 2021 చివరి దాకా ఇక్కడి రైతులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన కోవిడ్ సాయం దరఖాస్తులు కొన్ని పదులు నా బల్ల మీదుగా పోయాయి. వాటిలో ఒక కుటుంబం లెక్కను వాళ్ళ అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా ఎకరాలనూ పశువుల సంఖ్యనూ కొంచెం మార్చాను. రేట్లు, తేదీలు, నిబంధనలు మాత్రం అసలువే.

ఈ ఏడాదిన్నర పనిలో నాకు బోధపడింది ఒక్కటే. ఎవరికి ఎంత నష్టం వచ్చిందన్నదాని కన్నా, ఏ తేదీన ఎవరి దగ్గర ఏమి ఉందన్నదే ఈ డబ్బును నడిపించింది. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ కుటుంబం ఇదీ. పెద్దాయనకు డెబ్బై దగ్గర పడింది. ఆయనా, భార్యా, పని ఎక్కువ ఉన్నప్పుడు సాయానికి వచ్చే ఒక అబ్బాయీ. సొంత పొలం కొంత, వాటా కౌలుకు చేసేది కొంత. కోత అయ్యాక పంటలో మూడో వంతు భూమి యజమానికి, రెండు వంతులు చేసినవాడికి. ఇక్కడ వాటా కౌలు పద్ధతి ఎక్కువగా ఇదే. శీతాకాలపు ఎర్ర గోధుమ, మొక్కజొన్న, మైలో వేస్తారు. మైలో అంటే మన జొన్నే. చిన్నప్పుడు జొన్నరొట్టె తిని పెరిగిన నాకు, ఆ పంట పశువుల దాణాకూ ఇథనాల్‌కూ చైనాకూ పోతుందంటే మొదట్లో వింతగా ఉండేది. ఇవి కాక, శరదృతువులో దూడలను కొని చలికాలమంతా గోధుమ పచ్చిక మీద మేపి, వసంతంలో వేలానికి తోలడం ఆయనకు అలవాటు.

2020 వసంతంలో ఏమి జరిగిందో క్లుప్తంగా చెబుతాను. మాకు దగ్గర్లోని డాడ్జ్ సిటీ, గార్డెన్ సిటీ, లిబరల్ పట్టణాల్లో పెద్ద పెద్ద మాంసం కర్మాగారాలున్నాయి. ఏప్రిల్‌లో అక్కడి కార్మికులకు కోవిడ్ సోకి పని మందగించింది. కోతకు సిద్ధమైన పశువులు దొడ్లలోనే నిలిచిపోయాయి. దుకాణంలో మాంసం ధర పెరిగింది, వేలంలో పశువు ధర పడిపోయింది. జనం కార్లు బయటికి తీయకపోవడంతో పెట్రోలు వాడకం పడిపోయి ఇథనాల్ కర్మాగారాలు మూతపడ్డాయి. ఈ దేశపు మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా పోయేది అక్కడికే. ఏప్రిల్ 20న అమెరికా ముడి చమురు వాయిదా ధర సున్నా కిందికి, మైనస్ 37 డాలర్ల దాకా జారిన రోజు పెద్దాయన నాకు ఫోను చేసి, "డబ్బిచ్చి మరీ చమురు వదిలించుకుంటున్నారట, రేపు మొక్కజొన్న వంతా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గానీ, అది నవ్వులాట కాదని ఇద్దరికీ తెలుసు.

మార్చి 27న కోవిడ్ సాయానికి నిధులిచ్చే కేర్స్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 17న వ్యవసాయ మంత్రి సోనీ పర్డ్యూ 1,900 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. అందులో 1,600 కోట్లు రైతులకు నేరుగా, 300 కోట్లు ఆహారం కొని పంచడానికి. పూర్తి పేరు కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి అందరూ "సీఫ్యాప్" అనేవారు. మే 26న దరఖాస్తులు మొదలయ్యాయి. పెట్టుకోవలసింది కౌంటీలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ కార్యాలయంలో. మన మండల వ్యవసాయ కార్యాలయం లాంటిదే అనుకోండి. కాకపోతే తలుపులు మూసి ఉన్నాయి. అంతా ఫోను మీద, ఈమెయిలు మీద, కంప్యూటర్ సంతకాల మీద. జీవితమంతా కౌంటర్ దగ్గర నిలబడి కబుర్లు చెబుతూ సంతకం పెట్టిన మనిషికి కంప్యూటర్ సంతకం నేర్పడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

మొదటి విడత: జనవరి 15

పంటలకు సూత్రం ఇది. 2019లో పండించినదాంట్లో సగం ఎంతో చూడాలి. 2020 జనవరి 15న ధర ఖాయం కాకుండా చేతిలో ఉన్న సరుకు ఎంతో చూడాలి. రెంటిలో ఏది తక్కువైతే దానికి డబ్బు. ఆ తక్కువ అంకెలో సగానికి కేర్స్ చట్టం నిధి నుంచి ఒక రేటు, మిగతా సగానికి వ్యవసాయ శాఖ సొంత నిధి నుంచి ఇంకో రేటు. జొన్నకు బుషెల్‌కు 30 సెంట్లు, 32 సెంట్లు. మొక్కజొన్నకు 32, 35. బుషెల్ అంటే ఈ రెండు పంటల్లోనూ సుమారు 25 కిలోలు.

దరఖాస్తు నింపుతుంటే పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న: "గోధుమ ఎక్కడ?"

జాబితాలో గోధుమ ఉంది. డ్యూరమ్ రకం ఉంది, వసంతకాలపు ఎర్ర గోధుమ ఉంది. రెండూ ప్రధానంగా ఉత్తర డకోటా వైపు పంటలు. కాన్సస్ అంతా పండే శీతాకాలపు ఎర్ర గోధుమ లేదు. ఎందుకంటే జనవరి నడుమ నుంచి ఏప్రిల్ నడుమకు ధర 5 శాతమైనా పడిన పంటకే సాయమని నియమం. జనం ఇళ్ళలో కూర్చుని రొట్టెలు కాల్చుకోవడం మొదలుపెట్టారు, దుకాణాల్లో పిండి అరలు ఖాళీ అయ్యాయి, మా గోధుమ ధర అంత పడలేదు. తర్కం సరైనదే. గోధుమ రాష్ట్రమని పేరున్న చోట గోధుమ రైతుకు ఆ తర్కం ఫోనులో వివరించడం మాత్రం నా వృత్తి జీవితంలో హాయిగా గడిచిన పావుగంట కాదు.

ఇక జొన్న. ఆయన వాటా కింద 2019లో పండింది 60,000 బుషెళ్ళు. జనవరి 15న చేతిలో ఎంత ఉందని అడిగితే తడుముకోకుండా "ఇరవై అయిదు వేలు" అన్నారు. కొత్త సంవత్సరం నాడు గాదెలోకి తాడు వదిలి కొలిచారట. నేను ఆ అంకె వేసేశాను. దరఖాస్తులో చెప్పినదాన్ని రైతు సంతకమే ధ్రువీకరిస్తుంది. కాగితాలు వెంటనే జతపరచనక్కర్లేదు, తనిఖీకి ఎంపికైతే చూపాలి. పంపే ముందు అలవాటు కొద్దీ, ఆ రెండు వారాల్లో లారీ ఏమైనా కదిలిందా అని అడిగాను. ఆయనకు గుర్తు లేదు. ఫోను భార్యకు ఇచ్చారు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గోడ మీది క్యాలెండరు పేజీలు వెనక్కు తిప్పుతున్న చప్పుడు నాకు వినిపించింది. ధాన్యం కొనే ఎలివేటర్ వాళ్ళు ప్రతి ఏడాదీ పంచే క్యాలెండరు అది. ఒక్కో గడిలో పెన్సిల్‌తో ఒక్కో సంగతి: పళ్ళ డాక్టరు, చర్చిలో భోజనం, మనవరాలి పుట్టినరోజు. జనవరి 11 గడిలో "మైలో ఒక లోడు". 13న ఇంకొకటి. 14న ఇంకొకటి. తర్వాత చెప్పుల పెట్టెలో తూకం చీటీలు వెతికితే మూడూ దొరికాయి: 992, 1,004, 1,004 బుషెళ్ళు. సరిగ్గా మూడు వేలు. జనవరి 15 నాటికి గాదెలో ఉన్నది 22,000.

తేడా డబ్బులో 930 డాలర్లు. ఆ మాత్రం దానికి తప్పుడు ధ్రువీకరణ కింద దొరికిపోతే తర్వాత వచ్చే చిక్కు ఎంతో నాకు తెలుసు. ఆయన నోటి మాట మీద అంకె వేసింది నేను. తప్పు నాది. ఆ రోజు నుంచి తూకం చీటీ చూడకుండా ఎవరి దరఖాస్తులోనూ అంకె వేయలేదు.

22,000 అనేది సగం పంట, అంటే 30,000 కన్నా తక్కువ. కాబట్టి డబ్బు 22,000కే: 6,820 డాలర్లు. మొక్కజొన్న పండింది 24,000 బుషెళ్ళు, అందులో 6,000కు ముందే ఒప్పందం కుదుర్చుకున్నారు, ధర ఖాయం కానిది 18,000. ఇక్కడ సగం పంటే తక్కువ: 12,000 మీద 4,020 డాలర్లు.

జనవరి 15 అన్న గీత దగ్గర కాస్త ఆగాలి. ఆ రోజున సరుకు చేతిలో ఉంటే చాలు. అయిదు రోజుల తర్వాత మంచి ధరకే అమ్ముకున్నవాడికీ అదే రేటు, ఏప్రిల్ దాకా పెట్టుకుని పడిన ధరకు వదిలించుకున్నవాడికీ అదే రేటు. అక్టోబరులోనే పంటంతా ఒప్పందంలో పెట్టిన పక్క పొలం రైతుకు సున్నా. అతనికి నష్టం రాలేదు కాబట్టి సున్నా న్యాయమే. జనవరి 20న అమ్ముకున్నవాడికీ నష్టం రాలేదు, అతనికి మాత్రం వచ్చింది. ఇంకో చిత్రం: చైనాతో అమెరికా మొదటి దశ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు జరిగింది కూడా ఆ 2020 జనవరి 15ననే. ఆ తర్వాత చైనా కొనుగోళ్ళ వల్ల జొన్న ధర తొందరగానే తేరుకుంది. మా పెద్దాయనకు జొన్నలో పోయింది బుషెల్‌కు పది సెంట్లు. వచ్చింది 31.

ఒకే మందలో రెండు ధరలు

పశువుల దగ్గర కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఆయన మేపినవి 230 దూడలు. గింజ కోసం ఉంచుకునే గోధుమ మీద మేత మార్చి నడుమ ఆపేయాలి. కాండం లేచే దశలో పశువు కొరికితే వెన్ను రాదు. అందుకని 120 దూడలను మార్చి మూడో వారంలో వేలానికి తోలారు. సగటు బరువు 720 పౌండ్లు. మిగతా 110 దూడలకు 200 ఎకరాల గోధుమను పూర్తిగా మేతకే వదిలేశారు. వాటిని మే చివర అమ్మారు.

సీఫ్యాప్ నిబంధన ప్రకారం జనవరి 15కూ ఏప్రిల్ 15కూ మధ్య అమ్మిన, 600 పౌండ్లు దాటిన మేపుడు పశువుకు తలకు 139 డాలర్లు. ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య చేతిలో ఉన్న పశువుకు తలకు 33 డాలర్లు. ఒకే రోజు కొని, ఒకే పొలంలో మేపిన మంద. 120 దూడలకు 16,680 డాలర్లు, 110 దూడలకు 3,630. "ఆ నూట పదింటికీ కోవిడ్ రాలేదనుకున్నారేమో" అన్నారు పెద్దాయన.

నిజం చెప్పాలంటే 139 అన్న అంకె వేసినవాళ్ళు బాగానే వేశారు. మార్చిలో అమ్మిన దూడల మీద, జనవరిలో ఆయన వేసుకున్న అంచనా ధరకూ చేతికొచ్చిన ధరకూ తేడా పౌండుకు 20 సెంట్లు. 720 పౌండ్లకు 144 డాలర్లు. సాయం 139. ఈ మొత్తం కథలో నష్టమూ సాయమూ ఇంత దగ్గరగా వచ్చింది ఈ ఒక్క చోటే.

మొదటి విడత మొత్తం 31,150 డాలర్లు. అందరికీ సరిపోతుందో లేదోనని ముందు 80 శాతం ఇచ్చి, మిగతాది ఆగస్టు నుంచి వదిలారు. గడువు చివరకు సెప్టెంబరు 11 దాకా పొడిగించారు.

రెండో విడత: పాత కాగితానికి కొత్త విలువ

సెప్టెంబరు 21న రెండో సీఫ్యాప్ తెరుచుకుంది. ఇందులో గిడ్డంగి లెక్క తీసేసి 2020లో వేసిన ఎకరాల లెక్క పెట్టారు. అన్ని రకాల గోధుమ చేరింది. ఎకరాల సంఖ్యను ఆ పంటకు దేశం మొత్తానికి నిర్ణయించిన అమ్మకపు శాతంతోనూ, బుషెల్ రేటుతోనూ, బీమా రికార్డులో ఉన్న సగటు దిగుబడితోనూ గుణించాలి. ఎకరాకు 15 డాలర్లకు తగ్గకూడదు. గోధుమకు 73 శాతం, 54 సెంట్లు. ఆయన దిగుబడి 42 బుషెళ్ళు. ఎకరాకు 16 డాలర్ల 56 సెంట్లు. 1,300 ఎకరాలకు 21,523 డాలర్లు. జొన్న 850 ఎకరాలకు 18,326, మొక్కజొన్న 280 ఎకరాలకు 5,197.

ఇక్కడే ఆ 200 ఎకరాల మేత గోధుమ అడ్డొచ్చింది. మా దగ్గర శీతాకాలపు పంట నమోదుకు గడువు డిసెంబరు 15. 2019 డిసెంబరులో, కోవిడ్ మాట ఎవరూ విననప్పుడు, ఆయన నిజాయితీగా ఆ 200 ఎకరాలను "మేత" అని రాయించారు. మేత కోసం వేసిన పంటకు రెండో సీఫ్యాప్‌లో డబ్బు లేదు. నమోదు చేసేటప్పుడు అన్నీ "గింజ" కిందే రాయించి, తర్వాత మనసు మార్చుకుని మేపుకున్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. వాళ్ళది మోసమని అనను. డిసెంబరులో వాళ్ళ ఉద్దేశం గింజే అయి ఉండొచ్చు. ఆ ఒక్క మాటకు మూడు వేల పైచిలుకు డాలర్లు తేడా.

పశువులకు ఈసారి ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 మధ్య ఏదో ఒక రోజు చేతిలో ఉన్న అత్యధిక సంఖ్యకు తలకు 55 డాలర్లు. సంతాన పశువులను కలపకూడదు. మే దాకా ఉన్న ఆ 110 దూడలే మళ్ళీ ముందుకొచ్చాయి: 6,050 డాలర్లు. అంటే మొదట్లో అన్యాయమైపోయిందనుకున్న దూడకు అప్పటికి 33, 55 కలిపి 88 డాలర్లు.

రెండో విడత మొత్తం 51,096.

2020 డిసెంబరు 27న ఇంకో చట్టం వచ్చింది. పాత పశువుల చెల్లింపులకు కొంత కలిపారు. ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య చేతిలో ఉన్న పశువులకే అది. ఆయన 110 దూడలకు తలకు 25 డాలర్ల 50 సెంట్ల చొప్పున 2,805 వచ్చింది. రెండో సీఫ్యాప్‌లో ఉన్న పంట ఎకరాలకు ఎకరాకు 20 డాలర్లు అదనం. జనవరిలో ప్రభుత్వం మారగానే అన్నీ కొన్నాళ్ళు ఆపి చూశారు, మార్చి 24న మళ్ళీ కదిలించారు. కొత్త దరఖాస్తు అక్కర్లేదు. పాత ఫైలు ప్రకారం డబ్బు దానంతట అదే బ్యాంకులో పడింది. ఆయనవి 2,430 ఎకరాలు. 48,600 డాలర్లు.

ఆ రోజు పెద్దాయన ఫోను చేశారు. "ఏదో పొరపాటు జరిగినట్టుంది. నలభై ఎనిమిది వేలు పడ్డాయి. వెనక్కి పంపాలా?" పొరపాటు కాదని చెప్పడానికి చట్టం చదివి వినిపించాల్సి వచ్చింది. అప్పటికి మొక్కజొన్న బుషెల్ 5 డాలర్లు దాటింది. సరిగ్గా ఏడాది కింద 3 డాలర్ల చిల్లర. కొన్నేళ్ళుగా చూడని ధర ఉన్న నెలల్లో అన్నిటికన్నా పెద్ద సాయం ముట్టింది.

కూడితే

నాలుగూ కలిపితే 1,33,651 డాలర్లు. నష్టం ఎంతో నేను విడిగా లెక్కవేశాను. ప్రతి సరుకుకూ జనవరిలో ఆయన వేసుకున్న అంచనా ధర, నిజంగా అమ్మిన ధర, పరిమాణం. జొన్నలో 2,200. మొక్కజొన్నలో 9,000. కోత సమయానికే అమ్మేసిన సగం గోధుమలో 12,000. గాదెలో దాచిన మిగతా సగం తర్వాత మంచి ధరకే పోయింది. దూడల్లో రెండు మందలూ కలిపి 30,370. మొత్తం 53,570. వచ్చినది దానికి దాదాపు రెండున్నర రెట్లు.

ఈ అంకె చూసి రైతుకు దోచిపెట్టారనడం తేలిక. నేను అనలేను. ఆయన పుస్తకాలు పదేళ్ళుగా చూస్తున్నాను. చైనాతో వాణిజ్య యుద్ధం నడిచిన 2018, 2019 సంవత్సరాల్లో వేరే పథకం కింద పరిహారం అందినా అప్పు పెరుగుతూనే వచ్చింది. సీఫ్యాప్ కోవిడ్ పేరుతో వచ్చి, కోవిడ్‌కు ముందరి అప్పు తీర్చింది. మా కౌంటీలో చాలా ఇళ్ళలో జరిగింది ఇదే. బ్యాంకు వాళ్ళు ఆ ఏడాది నాతో చాలా మర్యాదగా మాట్లాడారు.

కోవిడ్ కాలంలో చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇప్పించిన జీతాల రక్షణ రుణం (పీపీపీ) సంగతి కూడా ఇలాంటిదే. 2020 ఏప్రిల్‌లో ఒంటరి రైతుకు నికర లాభం చూసి ఇచ్చేవారు. కొత్త కోత యంత్రం తరుగుదల వల్ల ఆయనకు 2019లో కాగితం మీద నష్టం. రుణం సున్నా. డిసెంబరు చట్టం నికర లాభం బదులు స్థూల ఆదాయం చూడమంది. అదే మనిషి, అదే పన్ను పత్రం, వేరే గడి. గరిష్ఠ పరిమితి 20,833 డాలర్లూ వచ్చాయి, తర్వాత మాఫీ అయ్యాయి.

సీఫ్యాప్ డబ్బు పన్నుకు లోబడినది. స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం కూడా దాని మీద పడుతుంది. పంట బీమా పరిహారాన్ని ఒక ఏడాది వాయిదా వేసి చూపించే వెసులుబాటు ఉంది, దీనికి లేదు. ఈ సంగతి చాలామందికి డిసెంబరులో తెలిసింది. ఖర్చు కూడా ఆ ఏడాదిలోనే చూపించడానికి పెద్దాయన చేత తర్వాతి పంటకు కావలసిన 30,000 డాలర్ల ఎరువు డిసెంబరులోనే కొనిపించాను. 2021లో ఎరువుల ధరలు ఆకాశానికి ఎక్కాయి. ఆయన నన్ను జ్యోతిష్కుడిగా పరిచయం చేస్తుంటారు. పన్ను తగ్గించుకోవడం తప్ప నాకు వేరే ఆలోచన లేదని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

గీతకు అవతలివాళ్ళు

అదే ఏడాది నా దగ్గరకు ఒక కూరగాయల రైతు వచ్చారు. రెండెకరాల్లో టమాటా, కర్బూజా పండించి వారాంతపు సంతలోనూ రెండు హోటళ్ళకూ అమ్ముకునే ఆవిడ. హోటళ్ళు మూతపడ్డాయి. మొదటి సీఫ్యాప్‌లో కూరగాయలు ఉన్నాయి, కానీ చూసే కాలం జనవరి 15 నుంచి ఏప్రిల్ 15. మంచు కురిసే కాన్సస్‌లో ఆ మూడు నెలల్లో టమాటా అమ్మేది ఎవరు? సున్నా. రెండో విడతలో 2019 అమ్మకాల మీద శాతం లెక్కన ఇచ్చారు. చిన్న రైతులకు 10.6 శాతం. ఆవిడ అమ్మకాలు 18,000. వచ్చింది 1,908 డాలర్లు. దానికోసం ముందు ఆవిడను రైతుగా నమోదు చేయించాలి. అన్నేళ్ళుగా సాగు చేస్తున్నా ఆవిడ పేరు ఆ కార్యాలయం రికార్డుల్లో లేదు. ఆదాయ ధ్రువీకరణ, భూ సంరక్షణ ధ్రువీకరణ, బ్యాంకు వివరాలు... పెద్దాయనకు ఇవన్నీ ఇరవై ఏళ్ళ కిందే ఫైల్లో ఉన్నాయి. 1,33,651 డాలర్లకు నాకు పట్టిన సమయం, 1,908కి పట్టిన సమయం దాదాపు సమానం. ఆవిడ దగ్గర రుసుము తీసుకోలేదు. తీసుకుంటే మిగిలేది ఏమీ లేదు.

రెండో చివర చూస్తే, పెద్ద పశు దొడ్లు. ఒక్కరికి 2,50,000 డాలర్ల గరిష్ఠ పరిమితి ఉంది. కోతకు సిద్ధమైన పశువుకు తలకు 214 చొప్పున, 1,168 తలలకే అది నిండిపోతుంది. పనిలో చేయి పెట్టే భాగస్వాములు ముగ్గురున్న కంపెనీకి 7,50,000 దాకా వెళ్ళొచ్చు. కిరాయికి మేపే దొడ్డిలో పశువు ఎవరిదైతే డబ్బు వాళ్ళకే, దొడ్డివాడికి కాదు. నష్టభయం ఎవరు మోస్తే వాళ్ళకు అన్నది సూత్రం.

భూమి విషయంలోనూ అదే సూత్రం, ఇది నాకు నచ్చింది. తెలంగాణలో రైతుబంధు పట్టాదారు చేతికి వెళ్ళి కౌలుదారుకు అందకపోవడం మీద ఎంత చర్చ జరిగిందో తెలిసినవాణ్ణి. ఇక్కడ నగదు కౌలుకు ఇచ్చిన యజమానికి సీఫ్యాప్‌లో ఒక్క సెంటు లేదు. మొత్తం సాగు చేసినవాడిదే. వాటా కౌలు అయితే వాటా ప్రకారం ఇద్దరికీ. మా పెద్దాయన భూమి యజమానుల్లో ఒక వృద్ధురాలు విచిటాలో ఉంటారు. తన మూడో వంతుకు తానే దరఖాస్తు పెట్టుకోవాలని ఆవిడకు తెలియదు. పెద్దాయనే ఫోను చేసి చెప్పి, నా నంబరు ఇచ్చారు. అయితే కౌలు అన్నది ఏటా మాట్లాడుకునేది. 2021 శరదృతువులో మా చుట్టుపక్కల నగదు కౌలు రేట్లు పెరిగాయి. చేసినవాడికి ఒక చేత్తో వచ్చిన దాంట్లో కొంత ఇంకో చేత్తో పోయింది.

మాంసం కర్మాగారాల్లో జబ్బుపడిన కార్మికులు ఈ పథకం లెక్కలో ఎక్కడా లేరు, ఎందుకంటే వాళ్ళు ఉత్పత్తిదారులు కారు. 2021 సెప్టెంబరులో ప్రకటించిన వేరే పథకం కింద ఒక్కొక్కరికి 600 డాలర్ల దాకా అన్నారు. ఆ కర్మాగారాలు ఆగబట్టే పశువు ధర పడింది, పశువు ధర పడబట్టే నేను ఈ దరఖాస్తులన్నీ నింపాను.

దేశం మొత్తానికి రెండు విడతలూ, అదనాలూ కలిపి రైతులకు వెళ్ళింది సుమారు 3,100 కోట్ల డాలర్లు. తనిఖీలు తర్వాత వచ్చాయి. మా పెద్దాయన ఫైలు తనిఖీకి ఎంపిక కాలేదు. అయినా తూకం చీటీల నకళ్ళు, వేలం రసీదులు, క్యాలెండరులోని జనవరి పేజీ ఫొటో నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

మొన్న పన్ను పత్రాల సంతకాలకు వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ తాగుతూ గోడ వైపు చూశాను. కొత్త ఏడాది క్యాలెండరు, అదే ఎలివేటర్‌ది. జనవరి 15 గడిలో పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాసి ఉంది: మైలో ఇంత, మొక్కజొన్న ఇంత, గోధుమ ఇంత, దూడలు ఇన్ని. ఇప్పుడు ఏ పథకమూ లేదు కదా, ఎందుకు రాశారని ఆవిడను అడిగాను.

"ఏమో, ఎప్పుడు అడుగుతారో" అన్నారు ఆవిడ, కప్పులో ఇంకొంచెం కాఫీ పోస్తూ.